ట్యాబ్ లాక్ అయిపోయిందా? షాపుకి పరిగెత్తే ముందు మీ దారేదో తేల్చుకోండి

మంగళవారం రాత్రి తొమ్మిదింటికి బెంగళూరు మారతహళ్ళి నుంచి అక్క ఫోన్. "ఐప్యాడ్ అన్‌అవైలబుల్ అని వస్తోందే, ఏం చేయాలి?" వెనకాల బావ గొంతు, "దాన్నెందుకు అడుగుతావ్, రేపు ఎస్పీ రోడ్డులో రిపేరు షాపుకి తీసుకెళ్తాను కదా" అని. ఇంకాస్త వెనకాల చిన్నోడి ఏడుపు.

జరిగింది ఇది. చెల్లెలు తన గేమ్ ముట్టుకోకుండా వాడు శుక్రవారం రాత్రి పాస్‌కోడ్ మార్చేశాడు. ఆదివారానికి తనే మర్చిపోయాడు. తర్వాత ఇంట్లో ఒక్కొక్కరూ తమకు తోచిన నంబరు కొట్టారు, పెళ్ళిరోజు, బండి నంబరు, పాత ఇంటి డోర్ నంబరు, చివరికి మా అమ్మ కూడా అనంతపురం నుంచి వీడియో కాల్‌లో రెండు నంబర్లు చెప్పిందట. స్క్రీన్ మొదట ఒక నిమిషం ఆగమంది, తర్వాత ఐదు, పదిహేను, ఆపైన గంటల్లోకి వెళ్ళి, ఆఖరికి ఇక ట్రై చేయొద్దని చెప్పేసింది.

ఈ ఒక్క ఐప్యాడ్ పుణ్యమా అని ఉన్న దారులన్నీ తొక్కాం, అందుకే రాస్తున్నాను. నెట్‌లో వెతికితే "పది నిమిషాల్లో అన్‌లాక్" అనే వీడియోలు కోకొల్లలు. మీ పరిస్థితికి ఏది పనికొస్తుందో మాత్రం ఒక్కటీ చెప్పదు.

ముందు మూడు ప్రశ్నలు, డబ్బు సంగతి తర్వాత

మొదటిది, అసలైనది: ట్యాబ్‌లో ఉన్న అకౌంట్ ఎవరిది, దాని పాస్‌వర్డ్ తెలుసా? నేనిలా అడిగితే అక్క, "పాస్‌వర్డ్ తెలిస్తే నీకెందుకు ఫోన్ చేస్తానే" అంది. తొంభై శాతం గందరగోళం ఇక్కడే. స్క్రీన్ మీద కొట్టే నాలుగంకెలో ఆరంకెలో పాస్‌కోడ్. అది ఆ ట్యాబ్‌కి మాత్రమే. ఆపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ వేరు, ఆండ్రాయిడ్ అయితే జీమెయిల్ పాస్‌వర్డ్. మొదటిది మర్చిపోయినా రెండోది గుర్తుంటే సగం టెన్షన్ పోయినట్టే. రెండూ పోతే కష్టమే. ఇక రెండోది మీది కాకుండా ఇంకెవరిదో అయితే, అదింకో కథ. మా ఐప్యాడ్ అలాంటిదే, అక్క మరిది రెండేళ్ళ క్రితం డాలస్ నుంచి తెచ్చి, తన అకౌంట్‌తోనే సెట్ చేసిచ్చి వెళ్ళిపోయాడు.

రెండోది: లోపలున్న వాటిలో నిజంగా కావాల్సింది ఏంటి? ఇంకో ఫోన్‌లో ఐక్లౌడ్ డాట్ కామ్‌కో గూగుల్ ఫొటోస్‌కో వెళ్ళి మీ ఫొటోలు అక్కడ కనిపిస్తున్నాయేమో చూడండి. ఉంటే ట్యాబ్ చెరిపేసినా నష్టం లేదు. యూట్యూబ్, ఓటీటీ యాప్‌లు లాగిన్ అయితే మళ్ళీ వస్తాయి. ఐప్యాడ్‌లో వాట్సాప్ కూడా ఫోన్‌కి లింక్ అయిందే కాబట్టి చాట్‌లు ఫోన్‌లో భద్రంగానే ఉంటాయి. పోయేవల్లా ట్యాబ్‌లో మాత్రమే ఉన్నవి, అంటే డ్రాయింగ్ యాప్‌లో పిల్లలు వేసిన బొమ్మలు, ఆఫ్‌లైన్ గేమ్ లెవెల్స్, ఎక్కడికీ పంపని రికార్డింగ్‌లు.

మూడోది: ట్యాబ్ మీదేనా, లేక స్కూలో ఆఫీసో ఇచ్చిందా, లేక సెకండ్ హ్యాండ్‌లో కొన్నారా? మూడింటికీ మూడు దారులు.

డబ్బుని చివర్లో ఎందుకు పెట్టానంటే, ఇక్కడ ఖరీదైన దారి మంచి దారి కాదు. పనికొచ్చేవన్నీ దాదాపు ఉచితమే.

అన్నిటికంటే ముందు: ఇంకో నంబరు కొట్టకండి, రీస్టార్ట్ చేయకండి

నంబర్లు కొట్టొద్దని ఎందుకో మీకే తెలుసు. సెట్టింగ్స్‌లో "ఎరేజ్ డేటా" ఆన్ చేసి ఉంటే పదో తప్పుకి ఐప్యాడ్ తనంతట తానే మొత్తం చెరిపేసుకుంటుంది.

రీస్టార్ట్ సంగతి చాలామందికి తెలియదు. ఐప్యాడ్ ఆఫ్ చేసి ఆన్ చేశాక, ఒక్కసారైనా పాస్‌కోడ్ కొట్టేదాకా దానికి వైఫై పాస్‌వర్డ్‌లు అందుబాటులో ఉండవు, ఇంటి వైఫైకి దానంతట అది కలవదు. నెట్ లేకపోతే దూరం నుంచి చేసే పనులేవీ దాన్ని చేరవు. సిమ్ ఉన్న మోడల్ అయితే కాస్త ఆశ. మా బావ మాత్రం "ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఏదైనా సెట్ అవుతుంది" అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మూల సూత్రం ప్రకారం నాలుగుసార్లు చేశాడు.

పాత పాస్‌కోడ్: 72 గంటల అవకాశం

ఐప్యాడ్ఓఎస్ (ఐప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) 17 నుంచి, పాస్‌కోడ్ మార్చిన 72 గంటల్లోపు పాతదానితో లోపలికి వెళ్ళొచ్చు. లాక్ అయిన స్క్రీన్ మీద కింద మూలన "ఫర్‌గాట్ పాస్‌కోడ్" నొక్కితే పాత పాస్‌కోడ్ కొట్టమనే ఆప్షన్ వస్తుంది. అది కొట్టి కొత్తది పెట్టుకోవడమే. ఒక్క ఫొటో కూడా పోదు, ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. చిన్నోడు మార్చింది శుక్రవారం రాత్రి. గడువు సోమవారం రాత్రి దాకా. అక్క నాకు ఫోన్ చేసింది మంగళవారం. పాత పాస్‌కోడ్ ఇంట్లో అందరికీ నోటికొచ్చు. ఆదివారం మధ్యాహ్నమే ఆ మూలనున్న చిన్న అక్షరాలు నొక్కి ఉంటే ఈ కథే లేదు. ఈమధ్యే పాస్‌కోడ్ మార్చి ఉంటే చదవడం ఇక్కడే ఆపి, వెళ్ళి అది నొక్కండి.

స్కూలు, ఆఫీసు ట్యాబ్‌లు: మీరేం చేయొద్దు

బెంగళూరులో చాలా స్కూళ్ళు ఇప్పుడు ట్యాబ్‌లు ఇస్తున్నాయి, ఐటీ కంపెనీల సంగతి సరేసరి. అలా ఇచ్చిన ఐప్యాడ్‌లని సాధారణంగా ఒక మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కి కలిపి ఉంచుతారు. ఆ అడ్మిన్ తన కుర్చీలోంచి లేవకుండా పాస్‌కోడ్‌ని తీసేయగలడు, డేటా చెరిపే పని లేకుండా. ట్యాబ్ నెట్‌లో ఉండాలి, అంతే. కాబట్టి ఐటీ వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి, ట్యాబ్‌ని ఛార్జింగ్‌లో పెట్టి ఊరుకోండి. మీరే రీసెట్ చేస్తే తిరిగి వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, ఈసారి సంజాయిషీ కూడా ఇచ్చుకోవాలి.

స్క్రీన్ మీదే చెరిపేయడం, లేదా ఇంకో ఫోన్ నుంచి

ఆపిల్ పాస్‌వర్డ్ తెలిసి, ఐప్యాడ్ వైఫైలో ఉంటే ఇంతకంటే సులువు లేదు. ఐప్యాడ్ఓఎస్ 15.2 నుంచి లాక్ స్క్రీన్ మీదే చెరిపేసే ఆప్షన్ ఉంది. ఆపిల్ పాస్‌వర్డ్ కొడితే మొత్తం తుడిచేసుకుని, కొత్త పెట్టెలోంచి తీసినట్టు హలో అంటుంది. బ్యాకప్ ఉంటే అదే అకౌంట్‌తో లాగిన్ అయి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ట్యాబ్ మీ దగ్గర, అకౌంట్ ఇంకొకరి దగ్గర ఉంటే రెండో పద్ధతి. వాళ్ళు ఐక్లౌడ్‌లో ఫైండ్ డివైసెస్‌లోకి వెళ్ళి అక్కడి నుంచే చెరిపేయొచ్చు. దానికి పాస్‌వర్డ్ చాలు, మామూలుగా అడిగే వెరిఫికేషన్ కోడ్ లేకుండానే ఆ పేజీలోకి వెళ్ళొచ్చు. ఆండ్రాయిడ్‌కి గూగుల్ వాళ్ళది ఇలాంటిదే ఉంది, ఒకప్పుడు ఫైండ్ మై డివైస్ అనేవారు, 2025 నుంచి ఫైండ్ హబ్. అందులో చెరిపేసినా మెమరీ కార్డులో ఉన్నవి ఒక్కోసారి మిగులుతాయి.

అక్క మరిది పాపం అడగ్గానే చేశాడు. "వదినా, ఎరేజ్ పెండింగ్ అని చూపిస్తోంది, నెట్‌లో ఉందా అది?" అని మెసేజ్. ఎక్కడ నెట్, నాలుగు రీస్టార్ట్‌లు అయ్యాయి కదా. పెండింగ్ పెండింగ్‌గానే ఉండిపోయింది.

కేబుల్, కంప్యూటర్: నెట్ లేకపోయినా పనిచేసేది

ఇది కాస్త కూర్చుని చేయాల్సిన పని. మ్యాక్ అయితే ఫైండర్, విండోస్ అయితే ఐట్యూన్స్ లేదా ఆపిల్ డివైసెస్ యాప్. ఐప్యాడ్‌ని రికవరీ మోడ్‌లో పెట్టాలి. హోమ్ బటన్ ఉన్న మోడల్‌కి హోమ్, పై బటన్ రెండూ కలిపి పట్టుకోవాలి. హోమ్ బటన్ లేనిదానికి పై బటన్‌కి దగ్గరగా ఉన్న వాల్యూమ్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, రెండో వాల్యూమ్ బటన్ నొక్కి వదిలి, పై బటన్ పట్టుకునే ఉండాలి, కేబుల్ బొమ్మ వచ్చేదాకా. ఆపిల్ లోగో కనిపించగానే చెయ్యి తీసేస్తారు చాలామంది, తీయకండి.

కంప్యూటర్‌లో అప్‌డేట్, రీస్టోర్ అని రెండు అడుగుతుంది. మనకి రీస్టోర్. కొన్ని జీబీల ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది, అది పదిహేను నిమిషాలు దాటితే ఐప్యాడ్ రికవరీ మోడ్‌లోంచి బయటికొచ్చేస్తుంది. అప్పుడు డౌన్‌లోడ్ పూర్తి కానిచ్చి బటన్ల విద్య మళ్ళీ మొదటి నుంచి. మాకు రెండుసార్లు పట్టింది. అది కూడా నా పాత సొంత ల్యాప్‌టాప్‌లో, ఎందుకంటే ఇంట్లో ఉన్న మూడు ల్యాప్‌టాప్‌లూ ఆఫీసువే, వాటిలో ఐట్యూన్స్ ఎక్కించుకోనివ్వరు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ పరిస్థితి ఇదే అనుకుంటా.

ఇక్కడో మెలిక ఉంది. చెరపడానికి కంప్యూటర్ మిమ్మల్ని ఆపిల్ పాస్‌వర్డ్ అడగకపోవచ్చు, "హమ్మయ్య" అనుకుంటారు. చెరిపాక ఐప్యాడ్ లేచి అడుగుతుంది. దాన్నే యాక్టివేషన్ లాక్ అంటారు, దొంగ చేతిలో పనికిరాకుండా పెట్టింది. పాస్‌వర్డ్ తెలియకుండా చెరిపితే ఒక గోడ దూకి ఇంకో గోడ ముందు నిలబడ్డట్టే. అకౌంట్ ఉన్నవాళ్ళు తమ లిస్టులోంచి ఆ ఐప్యాడ్‌ని తీసేస్తే మాత్రం ఆ గోడ పోతుంది.

ఆండ్రాయిడ్ వాళ్ళకి రెండు ముక్కలు

సామ్‌సంగ్ అయితే ముందు సామ్‌సంగ్ ఫైండ్ (పాత పేరు స్మార్ట్‌థింగ్స్ ఫైండ్) చూడండి. ట్యాబ్‌లో సామ్‌సంగ్ అకౌంట్ ఉండి, రిమోట్ అన్‌లాక్ ముందే ఆన్ చేసి ఉంటే దూరం నుంచే లాక్ తీసేయొచ్చు, డేటా అలాగే ఉంటుంది. "ముందే" అన్నదే చిక్కు, లాక్ అయ్యాక ఆన్ చేయలేం.

అది కుదరకపోతే, లేదా వేరే కంపెనీ ట్యాబ్ అయితే, పవర్, వాల్యూమ్ బటన్లతో రికవరీలోకి వెళ్ళి ఫ్యాక్టరీ రీసెట్. ఏ బటన్లన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. కొత్త సామ్‌సంగ్‌లైతే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఉంచితేగానీ ఆ మెనూ రాదు. రీసెట్ అయ్యాక పాత జీమెయిల్ అడుగుతుంది, ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఉన్న కాపలా అది. జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా మర్చిపోయి ఇప్పుడే మార్చుకున్నారా? ఒక రోజు ఆగి అప్పుడు రీసెట్ చేయండి. వెంటనే చేస్తే కొత్త పాస్‌వర్డ్‌ని ఒప్పుకోకపోవచ్చు.

ఎస్పీ రోడ్డు, "అన్‌లాక్" సాఫ్ట్‌వేర్లు, ఆపిల్ స్టోర్

నేను వద్దన్నా బావ బుధవారం హాఫ్ డే పెట్టి ఎస్పీ రోడ్డుకి వెళ్ళాడు. కౌంటర్లో అబ్బాయి చిత్తూరు వైపు తెలుగు. "ఫ్లాష్ చేసిస్తాం సార్, రెండున్నర వేలు. ఐడీ మీ దగ్గర ఉంది కదా?" బావ పర్సులోంచి ఆధార్ తీశాడట. ఐడీ అంటే ఆపిల్ ఐడీ అని తెలిశాక, "అది లేకపోతే బైపాస్ చేద్దాం, ఇంకో రెండు వేలు" అన్నాడు. "ఫొటోలు ఉంటాయా?" అంటే "అంతా ఉంటాయి సార్, గ్యారంటీ."

ఫ్లాష్ అంటే మనం ఇంట్లో కేబుల్‌తో చేసే రీస్టోరే. చేతకానివాళ్ళు డబ్బిచ్చి చేయించుకుంటే తప్పేం లేదు, అది వాళ్ళ కష్టం. కానీ ఫొటోలు ఉంటాయన్న మాట మాత్రం నమ్మకండి. పాస్‌కోడ్ అనేది తలుపుకి బయట వేసిన తాళం లాంటిది కాదు, పగలగొట్టి లోపలికి వెళ్ళడానికి. లోపలున్న డేటా అంతా గజిబిజి చేసి దాచి ఉంటుంది. దాన్ని విప్పే తాళంచెవిలో సగం చిప్‌లో ఉంటే మిగతా సగం మీ పాస్‌కోడ్. ఆ సగం లేకుండా విప్పే విద్య కౌంటర్ మీద రెండున్నర వేలకి దొరకదు. బైపాస్ కూడా అంతే, 2019లో బయటపడిన ఒక లోపం ఆధారంగా పాత చిప్‌ల మీద చేసే కిటుకు, మళ్ళీ రీసెట్ చేస్తే మొదటికొస్తుంది. నెట్‌లో అమ్మే అన్‌లాక్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆ ఉచిత రీస్టోర్‌నే అందమైన బటన్ వెనక పెట్టి డబ్బు తీసుకుంటాయి.

ఆపిల్ సొంత స్టోర్ 2025 సెప్టెంబర్‌లో హెబ్బాళ వైపు, ఫీనిక్స్ మాల్ ఆఫ్ ఏషియాలో తెరిచారు. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్తే రీస్టోర్‌కి సాయం చేస్తారు. పాస్‌కోడ్ వాళ్ళూ తీయలేరు. వాళ్ళ అసలు అవసరం ఎప్పుడంటే, అకౌంట్ పూర్తిగా పోయి, యాక్టివేషన్ లాక్ దగ్గర ఇరుక్కున్నప్పుడు. మొదట కొన్న బిల్లు చూపిస్తే ఆపిల్ ఆ లాక్ తీసే అవకాశం ఉంది, ఆన్‌లైన్‌లో కూడా అడగొచ్చు. బిల్లు ఏదీ అంటే మాత్రం... మనలో ఎంతమంది దాచాం?

ఒక్క చూపులో కావాలంటే ఇదిగో:

| దారి | అకౌంట్ పాస్‌వర్డ్ | డేటా | ఓపిక |
|---|---|---|---|
| పాత పాస్‌కోడ్, 72 గంటల్లోపు | అక్కర్లేదు | ఉంటుంది | ఐదు నిమిషాలు |
| స్కూలు, ఆఫీసు ఐటీ | అక్కర్లేదు | మామూలుగా ఉంటుంది | వాళ్ళు మెయిల్ చూసేదాకా |
| సామ్‌సంగ్ రిమోట్ అన్‌లాక్ | కావాలి | ఉంటుంది | కొద్దిసేపు, ముందే ఆన్ చేసి ఉంటే |
| స్క్రీన్ మీద చెరపడం | కావాలి | బ్యాకప్‌లో ఉన్నంతే | అరగంట |
| దూరం నుంచి చెరపడం | కావాలి, ట్యాబ్‌కి నెట్ కూడా | బ్యాకప్‌లో ఉన్నంతే | అవతలివాళ్ళు నిద్ర లేచేదాకా |
| కేబుల్, కంప్యూటర్ | చెరిపాక కావాలి | బ్యాకప్‌లో ఉన్నంతే | ఒక సాయంత్రం |
| షాపు | చెరిపాక కావాలి | బ్యాకప్‌లో ఉన్నంతే, వాళ్ళేం చెప్పినా | హాఫ్ డే, ట్రాఫిక్ అదనం |

మరి మీరు ఏది పట్టుకోవాలి

పాస్‌వర్డ్ తెలుసు, ఫొటోలు క్లౌడ్‌లో ఉన్నాయి అంటే ఆలోచించకండి, స్క్రీన్ మీదే చెరిపేయండి.

పాస్‌వర్డ్ తెలియదు కానీ అకౌంట్ మీదే, దానికిచ్చిన ఫోన్ నంబర్ ఇంకా మీ దగ్గరే ఉంది అంటే ముందు పాస్‌వర్డ్ తిరిగి తెచ్చుకోండి, ఆ తర్వాతే ట్యాబ్ మీద చెయ్యి వేయండి. ఆపిల్ అకౌంట్ రికవరీకి కొన్ని రోజులు పట్టొచ్చు. పిల్లాడికి ఆన్‌లైన్ ట్యూషన్ ఉంటే ఆ నాలుగు రోజులూ మీ ఫోన్ ఇవ్వండి. తొందరపడి ముందే చెరిపితే ఒరిగేదేం లేదు.

లోపల బ్యాకప్ లేనిది, పోతే తట్టుకోలేనిది ఏదైనా ఉంటే, చెరిపే దారులన్నీ పక్కన పెట్టి, ట్యాబ్‌ని అలాగే ఉంచండి. ఇంకా నంబరు కొట్టనిస్తుంటే, పాస్‌కోడ్ ఎప్పటికైనా గుర్తొస్తే తెరవొచ్చేమో, చెరిపాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. నా ఉద్దేశంలో షాపులోవాళ్ళ చేతికి అసలు ఇవ్వకూడనిది ఇలాంటి ట్యాబ్‌నే.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నదై, ఇంకెవరి మెయిలో అడుగుతుంటే అమ్మినవాడికి ఫోన్ చేయండి. తన లిస్టులోంచి తీసేయడం అతనికి రెండు నిమిషాల పని. తీయనంటే డబ్బు వెనక్కి అడగండి. దాని మీద ఇంకో రెండు వేలు బైపాస్‌కి పెట్టడం కంటే ఆ డబ్బుతో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఆంధ్రా మెస్‌లో ఇంటిల్లిపాదీ భోంచేయొచ్చు.

అమెరికా నుంచి తమ్ముడో మరిదో తెచ్చిన ట్యాబ్ అయితే మా దారే మీ దారి: ఇక్కడ కేబుల్‌తో చెరపడం, అక్కడ వాళ్ళు లిస్టులోంచి తీసేయడం. గురువారం పొద్దున్న ఏడింటికి, అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకి, మరిది అన్నం తింటూ ఆ పని చేశాడు. ఇక్కడ స్క్రీన్ మీద హలో వచ్చింది. ఈసారి అక్క పేరు మీద, అక్క నంబరుతో అకౌంట్ పెట్టాం. పాతదాంట్లో ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చే 5 జీబీ ఎప్పుడో నిండిపోయి బ్యాకప్ ఫిబ్రవరిలోనే ఆగిపోయిందట, ఆ తర్వాత పాప వేసిన బొమ్మలన్నీ పోయాయి. పాప రెండు రోజులు అన్నయ్యతో మాట్లాడలేదు.

కొత్త పాస్‌కోడ్ గ్యాస్ పుస్తకం వెనక అట్ట మీద రాసి ఉంది. చిన్నోడికి ఇంకా చెప్పలేదు, పాపకి మాత్రం తెలుసు.